మదర్‌బోర్డు పోలేదు: బ్రాడీపేటలో పదేళ్ల నాటి ఇంటి కంప్యూటర్ కేసు

2015లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి మొదటి అంతస్తు, పడమటి గోడ ఉన్న గది. ఇంటాయన మిర్చి కమీషన్ లెక్కలు దాంట్లోనే రాస్తారు. ఇంటర్ చదివే అబ్బాయికి వీడియో పాఠాలు, మాక్ టెస్టులు కూడా అదే.

2025 మే నెలలో వాళ్లు చెప్పిన ఇబ్బందులు వరసగా ఇవి. మధ్యాహ్నం పూట దానంతటదే ఆగిపోతోంది. కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా మళ్లీ మొదటినుంచి ఆన్ అవుతోంది. పొద్దున స్విచ్ వేయగానే తారీఖు 2014 అని చూపిస్తోంది, బ్యాంకు సైటు తెరుచుకోవడం లేదు. ఆన్ అయ్యాక పనికి లొంగడానికి ఐదారు నిమిషాలు పడుతోంది. ఇవికాక, కేబినెట్ ఇనుప అంచుకు చెయ్యి తగిలితే జిల్లుమంటోంది. ఒక షాపులో చూపిస్తే, "మదర్‌బోర్డు పోయిందండీ. ఈ మోడల్ బోర్డులు ఇప్పుడు రావట్లేదు, కొత్తది తీసుకోవడమే" అన్నారట.

ఇలాంటి కేసుల్లో నేరం మదర్‌బోర్డు మీదికి నెట్టడం తేలిక. అన్ని భాగాలూ దానికే తగులుకుని ఉంటాయి కనుక, ఏది చెడినా గోల బోర్డు దగ్గరే వినిపిస్తుంది. బోర్డు పోయిందని చివర్లో తేల్చాలి, అదీ మిగతావన్నీ ఒక్కొక్కటిగా చూసి పక్కన పెట్టాక.

పెట్టెలో ఉన్న సరంజామా ఇది: ఇంటెల్ ఐ5-4590 ప్రాసెసర్, దాని మీద కంపెనీ ఇచ్చిన ఫ్యాన్, హెచ్81 చిప్‌సెట్ బోర్డు, ఒకే ఒక్క 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, కేబినెట్‌తోపాటే వచ్చిన "450 వాట్ల" ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె). విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. మానిటర్ కేబుల్ నేరుగా బోర్డు వెనక ఉన్న పోర్టుకే పెట్టారు. లెక్కలకూ పాఠాలకూ అది చాలు, కార్డు కొనమని ఎవరైనా అంటే పట్టించుకోనక్కర్లేదు. బయట 600 వీఏ యూపీఎస్, 18.5 అంగుళాల మానిటర్.

మూత తీయకముందు అడగాల్సిన ప్రశ్న

కంప్యూటర్ ఆగిపోయినప్పుడు మానిటర్ లైటు వెలుగుతూనే ఉందా, అదీ ఆరిపోయిందా? ఈ ఒక్క ప్రశ్నతో సగం దారి తెలుస్తుంది. రెండూ ఒకేసారి ఆరిపోతే లోపం కేబినెట్ బయట ఉంది. యూపీఎస్, జంక్షన్ బాక్స్, గోడ సాకెట్ చూడాలి. మానిటర్ వెలుగుతూ "నో సిగ్నల్" అని చూపిస్తుంటే లోపం కేబినెట్ లోపల ఉంది.

ఇక్కడ వచ్చిన జవాబు: "కరెంటు పోయినప్పుడు రెండూ ఆరిపోతాయి. మధ్యాహ్నం ఆగినప్పుడు మాత్రం మానిటర్ ఉంటుంది." అంటే ఇంట్లోవాళ్లు ఒకటే జబ్బు అనుకుంటున్నవి నిజానికి రెండు వేర్వేరు జబ్బులు.

విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 ఎంట్రీలు బారుగా ఉన్నాయి. ఆ 41ని చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని చెప్పేవాళ్లు ఉన్నారు, అది తొందరపాటు. పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే ఆ నంబరుకు అర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు. ఆ ఎంట్రీ వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ రాకుండానే ఆగిందని అర్థం. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది కరెంటునూ వేడినీ. ఇక్కడ అన్నిట్లోనూ సున్నాయే.

గోడ సాకెట్, ఎర్తింగ్, యూపీఎస్

చెయ్యి జిల్లుమన్న సంగతిని ఇంట్లోవాళ్లు ఆఖర్న, నవ్వుతూ చెప్పారు. పని మాత్రం దానితోనే మొదలవ్వాలి. మల్టీమీటర్ ఏసీలో పెట్టి సాకెట్ దగ్గర చూస్తే ఫేజ్-న్యూట్రల్ మధ్య 228 వోల్టులు, బాగానే ఉంది. ఫేజ్-ఎర్త్ మధ్య 112, న్యూట్రల్-ఎర్త్ మధ్య 114. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే న్యూట్రల్-ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించి రాకూడదు. ఇలా సగం సగం చూపిస్తోందంటే ఎర్త్ పిన్ను దేనికీ కలవకుండా గాల్లో వేలాడుతోందన్నమాట.

ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని రొదను (నాయిస్) వడపోసే ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ నుంచి ఒకటి కేబినెట్ ఇనుముకు కలుస్తాయి. ఎర్త్ ఉంటే వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. లేకపోతే 230లో సగం వోల్టేజీ కేబినెట్ మీదే నిలుస్తుంది. కరెంటు మిల్లీ ఆంపియర్ల లెక్కలో ఉంటుంది కాబట్టి జిల్లుమనడంతో ఆగుతుంది. కానీ నిజంగా లోపల షార్ట్ అయిన రోజున కాపాడేది ఏదీ ఉండదు. మిషన్ ఆన్‌లో ఉండగా ప్రింటర్ కేబులో, మానిటర్ కేబులో గుచ్చినప్పుడు పోర్టులు కాలిపోవడానికీ ఇదొక కారణం.

ఎలక్ట్రీషియన్ సాకెట్ ప్లేటు విప్పితే ఆకుపచ్చ వైరు టేపు చుట్టి లోపల మడతపెట్టి ఉంది. ఎప్పుడో ప్లేటు మార్చినప్పుడు బిగించకుండా వదిలేశారు. బిగించాక న్యూట్రల్-ఎర్త్ మధ్య 6 వోల్టులు వచ్చింది, అదీ ఎక్కువే. పెరట్లో ఎర్త్ గుంత ఎండిపోయి బీటలు వారి ఉంది. రెండు బకెట్ల నీళ్లు పోసి మరునాడు చూస్తే 1.4కి దిగింది. ఉప్పు, బొగ్గు వేసిన పాత పద్ధతి గుంత ఇది. వేసవిలో వారానికోసారైనా తడపకపోతే పేరుకే ఉన్నట్టు. స్విచ్‌బోర్డు విప్పే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

ఇక యూపీఎస్. 600 వీఏ అని రాసి ఉన్నా ఈ యూపీఎస్ మోయగలిగింది 360 వాట్లు, ఈ కంప్యూటర్‌కి అది ఎక్కువే. లోపల ఉన్నది 12 వోల్టులు, 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ. ఛార్జింగ్‌లో ఉండగా కొలిస్తే 13.6 వోల్టులు చూపించింది. ఆ అంకె చూసి చాలామంది బ్యాటరీ బాగుందనుకుంటారు. అది ఛార్జర్ ఇస్తున్న వోల్టేజీ, బ్యాటరీ సత్తా కాదు. లోడు మీద చూడాలి. కంప్యూటర్ తీసేసి, యూపీఎస్‌కి 60 వాట్ల గుండు బల్బు పెట్టి, గోడ ప్లగ్ లాగాలి. ఇక్కడ మీటరు ముల్లు చూస్తుండగానే 9 కిందికి పడిపోయి యూపీఎస్ కూతపెట్టి ఆగిపోయింది. బ్యాటరీ మీద తారీఖు 2020. ఇలాంటివి రెండు మూడేళ్లు వస్తాయి, వేడిలో ఇంకా తక్కువ. దీన్ని పెట్టిందేమో టేబుల్ కింద తలుపున్న అరలో, గాలాడని చోట. బ్యాటరీ మార్చి, యూపీఎస్‌ని బయట నేల మీదికి తెచ్చారు. కొత్త బ్యాటరీ పెట్టాక లోడు వేయకుండా ఒక రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచడం మంచిది. లేజర్ ప్రింటర్‌ని ఎప్పుడూ యూపీఎస్‌కి తగిలించకూడదు, అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే లోడుకు ఇంత చిన్న యూపీఎస్ తట్టుకోలేదు.

దీంతో కరెంటు రెప్పపాటు పోతే ఆగిపోయే జబ్బు తీరింది. మధ్యాహ్నపు జబ్బు అలాగే ఉంది.

వేడి

గదిలో 38 డిగ్రీలు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చూస్తే, ఏ పనీ చేయకుండా ప్రాసెసర్ 67 డిగ్రీల దగ్గర ఉంది. ప్రాసెసర్‌కు కావాలనే భారీ పని పెట్టే ఓసీసీటీ ప్రోగ్రామ్‌తో పూర్తి లోడు ఇస్తే నిమిషం తిరక్కుండా 100 చేరింది. ఐ5-4590కి 100 డిగ్రీలే హద్దు. అక్కడికి రాగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అయినా ఎక్కుతుంటే చివరికి మిషన్నే ఆపేస్తుంది.

పక్క మూత తీస్తే కారణం కంటికే కనిపించింది. ఫ్యాన్ తీసి చూస్తే దాని కింద హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మీద కంబళిలా మందంగా దుమ్ము పరుచుకుని ఉంది, రంగు కాస్త ఎరుపు. గదిలో అదే టేబుల్ పక్కన శాంపిల్ మిర్చి సంచులు ఉన్నాయి! ఇలాంటి ఇళ్లలో బ్లోయర్ పెట్టేముందు పెట్టెను డాబా మీదికి తీసుకెళ్లాలి. మాస్కూ కళ్లజోడూ పెట్టుకోవాలి. గదిలోనే కొడితే సాయంత్రం దాకా ఇంటిల్లిపాదికీ తుమ్ములే.

బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే అది మామూలు వేగానికి ఎన్నో రెట్లు తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లోకి బయటినుంచే, జాలీలోంచే కొట్టాలి. దాని మూత మాత్రం తీయకూడదు. ప్లగ్ లాగేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైచిలుకు నిలవ ఉండొచ్చు.

దుమ్ము పోయాక చూస్తే ఇంకో లోపం. హీట్‌సింక్‌ను బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ కాళ్లలో రెండు సరిగ్గా లాక్ కాలేదు. హీట్‌సింక్ ఒక మూల లేచి ఉంది. ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పేస్ట్ ఎండి సుద్దపొడి అయిపోయింది.

విప్పే వరస ఇలా. ముందు మిషన్‌ను ఐదు నిమిషాలు నడిపి పేస్ట్‌ను కాస్త మెత్తబడనివ్వాలి. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కాలి, నిలవ కరెంటు పోతుంది. కాళ్ల మీద బాణం గుర్తు ఉన్న వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే ఊడుతాయి. హీట్‌సింక్‌ను నిలువుగా పీకకుండా అటూ ఇటూ మెలితిప్పి తీయాలి. ఈ ఎల్‌జీఏ1150 సాకెట్లో ప్రాసెసర్‌ను ఇనుప పట్టీ పట్టుకుని ఉంటుంది కాబట్టి ఊడి రాదు. ఏఎండీ ఏఎం4 బోర్డుల్లో మాత్రం హీట్‌సింక్‌తోపాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి కాళ్లు వంగిన కేసులు మామూలే. ఇంటెల్ సాకెట్లో ఆ సన్నని పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, అవసరం లేకుండా పట్టీ ఎత్తకూడదు. ఒక పిన్ను వంగినా, అప్పుడు నిజంగానే మదర్‌బోర్డు పోయే ప్రమాదం ఉంది.

పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు గుడ్డతో తుడవాలి. కొత్తది నడిమధ్యన బఠాణీ గింజంత చాలు, వేలితో పూయనక్కర్లేదు. కాళ్లను బాణానికి ఎదురు దిశలో వెనక్కి తిప్పి, ఎదురెదురు మూలలు జతగా, టక్కుమనే దాకా నొక్కాలి. శబ్దాన్ని నమ్మొద్దు. బోర్డు వెనక వైపు నుంచి చూస్తే ప్లాస్టిక్ కాళ్లు రంధ్రంలోంచి బయటికొచ్చి విచ్చుకుని ఉండాలి. పాత రెండు కాళ్లు సరిగ్గా విచ్చుకోనిది అక్కడే తెలిసింది.

బిగించాక అదే గదిలో, అదే లోడులో 72 డిగ్రీలు.

అక్కడితో ఆగి ఉంటే

చాలామంది ఇక్కడే మూత వేసి పంపేస్తారు. లోడును అలాగే నడవనిస్తే, 72 డిగ్రీల దగ్గరే ఉండి కూడా పదిహేనో నిమిషం లోపే మిషన్ టపీమని రీస్టార్ట్ అయింది. అంటే మధ్యాహ్నం జబ్బుకు వేడి ఒక కారణం, రెండోది ఇంకా లోపలే ఉంది.

ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షించడానికి అందరూ చేసేది 24 పిన్ల ప్లగ్‌లో ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ క్లిప్పుతో కలపడం. ఫ్యాన్ తిరిగితే బాగున్నట్టని అంటారు. ఫ్యాన్ తిరిగింది. వోల్టేజీలూ బాగానే వచ్చాయి: పసుపు 12.1, ఎరుపు 5.06, నారింజ 3.34. అవి లోడు లేనప్పటి లెక్కలు. ఈ పరీక్షతో పూర్తిగా చచ్చిన ఎస్‌ఎంపీఎస్ దొరుకుతుంది కానీ నీరసించింది దొరకదు.

మిషన్ నడుస్తుండగా, ప్రాసెసర్‌కు వెళ్లే 4 పిన్ల ప్లగ్ వెనక నుంచి మీటరు పిన్ను పసుపు వైరు పక్కన జాగ్రత్తగా దించి, రెండో పిన్నును నల్ల వైరుకు పెట్టి చూడాలి. లోడు ఇవ్వగానే 11.5, పది నిమిషాలకు 11.1. ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైనులో 5 శాతం తేడా దాకా సరే, అంటే 11.4 నుంచి 12.6. ఎరుపు 4.75-5.25, నారింజ 3.14-3.47 మధ్య ఉండాలి. ఇక్కడ పసుపు గీత దాటింది.

జాలీలోంచి టార్చి వేసి చూస్తే లోపల రెండు కెపాసిటర్ల నెత్తిన బుడిపెలు లేచాయి. కెపాసిటర్ నెత్తి బల్లపరుపుగా ఉండాలి, ఉబ్బితే దాని పని అయిపోయినట్టే. ప్రతి 10 డిగ్రీల వేడికీ వీటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. పడమటి గోడ గదిలో, దుమ్ముతో మూసుకుపోయిన పెట్టెలో పదేళ్లు పనిచేసిందంటే అదే ఎక్కువ.

లేబుల్ మీద పెద్దక్షరాల్లో 450 వాట్లు అని ఉన్నా, కింద గడిలో 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు అని ఉంది. గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసర్, డిస్కు, ఫ్యాన్లు తినేది దాదాపు ఈ లైను నుంచే. కాబట్టి ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు పెద్దక్షరాలు కాదు, ఆ గడి చదవాలి. కొత్తగా పెట్టింది 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే) గుర్తున్న 450 వాట్లది, 12 వోల్టుల లైను మీదే 400 వాట్లకు పైగా ఇస్తుంది. అదే లోడులో గంట నడిపితే పసుపు 12.0 దగ్గర కదల్లేదు, మిషన్ ఆగలేదు. బోర్డు బాగుందని నమ్మకం కుదిరింది అప్పుడే. బోర్డు మీది కెపాసిటర్లు కూడా ఒక్కొక్కటే చూశారు, అన్నీ బల్లపరుపుగా ఉన్నాయి.

తారీఖు

బోర్డు మీది రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ. 3 వోల్టులు ఉండాల్సింది 2.1 ఉంది. ఇది లేకపోతే గడియారం మొదటికి పోతుంది. తారీఖు తప్పయితే బ్రౌజర్ బ్యాంకు సైటు సర్టిఫికెట్‌ను ఒప్పుకోదు. పొద్దున రావడానికి కారణం, వాళ్లు రాత్రిపూట గోడ స్విచ్ కట్టేస్తారు. స్విచ్ వేసి ఉంటే గడియారం ఎస్‌ఎంపీఎస్ స్టాండ్‌బై కరెంటుతో నడుస్తుంది, కట్టేస్తే ఈ బిళ్లే దిక్కు. రాత్రి కట్టేయడం మంచి అలవాటే, బిళ్ల కాస్త తొందరగా అయిపోతుందంతే.

మార్చేముందు బయోస్ (బోర్డు సొంత సెట్టింగులు) పేజీలు ఫోన్లో ఫొటో తీసుకోవాలి, ముఖ్యంగా బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతిని చెప్పే సాటా మోడ్ ఉన్న పేజీ. బ్యాటరీ తీశాక సెట్టింగులు మొదటికి వెళ్తాయి. ముందు ఏహెచ్‌సీఐ ఉండి ఇప్పుడు ఐడీఈ అయితే విండోస్ లేవకుండా బ్లూ స్క్రీన్ ఇస్తుంది. అది చూసి హార్డ్ డిస్క్ పోయిందని కొత్తది కొన్నవాళ్లున్నారు.

మందకొడితనం

టాస్క్ మేనేజర్ తెరిస్తే మెమరీ 91 శాతం, డిస్క్ 100 శాతం, ప్రాసెసర్ మాత్రం 8 శాతం. పనిచేసేవాడు ఖాళీగా కూర్చున్నాడు, సరుకు అందించేవాళ్లే ఆలస్యం చేస్తున్నారు. 4 జీబీలో విండోస్ 10, బ్రౌజర్, లెక్కల సాఫ్ట్‌వేర్ పట్టవు. పట్టనిదాన్ని విండోస్ డిస్కు మీదికి దించి, మళ్లీ ఎత్తుతూ ఉంటుంది. తిరిగే పళ్లెం ఉన్న డిస్కుకు ఆ అటూఇటూ పరుగే కష్టం.

హెచ్81 బోర్డుకు ర్యామ్ స్లాట్లు రెండే, మొత్తం 16 జీబీ దాకా పడుతుంది. ఖాళీ స్లాట్లో ఇంకో 4 జీబీ డీడీఆర్3-1600 పెట్టారు, వాడినదే. రెండూ జతగా ఉంటే డ్యూయల్ ఛానెల్‌లో నడుస్తాయి. డీడీఆర్4 కొనుక్కొస్తే గాడి కలవదు, బలవంతం చేయకూడదు. పాత ముక్క బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి పెట్టాలి. వాడిన ర్యామ్ కొంటే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడపాలి, ఒక్క తప్పు వచ్చినా వాపసు ఇవ్వాల్సిందే.

హార్డ్ డిస్క్‌ను క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో చూస్తే పసుపు రంగు హెచ్చరిక. 05 వరసలో 28, సీ5 వరసలో 10. ఈ అంకెలు మామూలుగా హెక్సాలో ఉంటాయి. 28 అంటే 40, 10 అంటే 16. నలభై సెక్టార్లు చెడి పక్కకు తప్పించారు, ఇంకో పదహారు చదవడానికి మొరాయిస్తున్నాయి. సీ7 వరసలో సున్నా, అంటే కేబుల్ తప్పు లేదు. సీ5లో సున్నా తప్ప ఏ అంకె ఉన్నా మొదటి పని డేటా బయటికి తీయడం. స్కాన్లు, రిపేర్లు అన్నీ ఆ తర్వాతే. లెక్కల ఫోల్డరు ముందు, ఫొటోలు తర్వాత, వేరే డిస్కులోకి ఎక్కించారు.

500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని డిస్కు) పెట్టారు. కేబుల్ లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాట్ ఈ బోర్డు మీద లేదు. సాటా పోర్టులు నాలుగున్నా వాటిలో రెండే సెకనుకు 6 గిగాబిట్ల వేగానివి. పక్కనే సన్నగా రాసి ఉంటుంది, చదివి దానికే తగిలించాలి. విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్కు కేబుల్ తీసి ఉంచాలి. లేకపోతే బూట్ ఫైళ్లు పాత డిస్కులో కూర్చుంటాయి, తర్వాత దాన్ని తీసేసిన రోజున కంప్యూటరే లేవదు. ఇప్పుడు ఆన్ చేసిన అర నిమిషానికి పనికి సిద్ధం.

2025 మే ధరల్లో లెక్క: ఎస్‌ఎంపీఎస్ 2,900, ఎస్‌ఎస్‌డీ 3,000, ర్యామ్ 700, యూపీఎస్ బ్యాటరీ 1,050, పేస్టూ బిళ్ల బ్యాటరీ కలిపి 300, ఎలక్ట్రీషియన్‌కి 600. మొత్తం 8,550 రూపాయలు. కొత్త మిషన్‌కి షాపులో చెప్పింది 42,000.

ఇందులో తీరనిది ఒకటుంది, అది ఇంట్లోవాళ్లకు ముందే చెప్పారు. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్లు సాధారణంగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతాయి, ఇది నాలుగో తరం. విండోస్ 10కు మామూలు మద్దతు (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14న ముగిసింది. బ్యాంకు పనికి ఇలాంటి మిషన్‌ను నమ్ముకోవడం కంటే, లెక్కలకూ పాఠాలకూ ఉంచుకుని బ్యాంకు పని వేరే చోట చేసుకోవడం మేలు. ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ బ్యాటరీ రేపు కొత్త మిషన్ కొన్నా పనికొస్తాయి. ర్యామ్‌కి మాత్రమే ఆ అవకాశం లేదు.

పాత యూపీఎస్ బ్యాటరీని కొత్తది అమ్మిన షాపులోనే ఇచ్చేయాలి, అందులో సీసం ఉంటుంది. పాత హార్డ్ డిస్క్‌ను మాత్రం పాత సామాన్ల బండికి వేయొద్దని చెప్పాల్సి వచ్చింది. పదేళ్ల కమీషన్ ఖాతాలు, రైతుల పేర్లు, బ్యాంకు కాగితాలు అందులోనే ఉన్నాయి, ఫార్మాట్ కొట్టినంత మాత్రాన అవి పోవు. డ్రిల్లుతో పళ్లేల గుండా రెండు రంధ్రాలు వేసి ఇచ్చారు.